ఛార్జర్ అడగని జీపీఎస్ వాచీ: కొత్తపేట డాబా నుంచి భువనగిరి గుట్ట దాకా

కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి ఇంజినీరింగ్ చదివే పిల్లలకు ఫైనల్ ఇయర్ రాగానే ఒక ప్రశ్న ఎదురవుతుంది. మేజర్ ప్రాజెక్టు కొనుక్కోవాలా, చేసుకోవాలా? కొనడం సులువు. డబ్బు కడితే బోర్డు, కోడు, రిపోర్టు, వైవాలో చెప్పాల్సిన జవాబులు అన్నీ కలిపి చేతిలో పెడతారు. ఈ కథనం రెండో దారి పట్టే ముగ్గురు నలుగురి బ్యాచ్ కోసం. చేయాల్సిన వస్తువు, కొండలెక్కేవాళ్లు చేతికి కట్టుకునే జీపీఎస్ వాచీ. దానికి ఛార్జింగ్ వైరు ఉండదు. తనకు కావలసిన కరెంటును ఎండ నుంచో, ఒంటి వేడి నుంచో, చేతి ఊపు నుంచో తానే తెచ్చుకోవాలి.

ఏ బ్యాచ్ వచ్చి అడిగినా నేను ఈ ప్రాజెక్టే చెబుతాను. ఇందులో దాచిపెట్టడానికి చోటు లేదు. లెక్క తప్పితే మధ్యాహ్నం రెండింటికల్లా వాచీ ఆగిపోతుంది, అదీ గుట్ట మీద. ఈసీఈ, మెకానికల్, సీఎస్‌ఈ చదువులు మూడూ ఒక చిన్న డబ్బాలో కలవాలి. ఏ ఒక్కరి పని బాగాలేకపోయినా మిగతావాళ్ల పని వృథా అవుతుంది.

పెద్ద కంపెనీలు ఈ దారిలో చాలా కాలం నడిచాయి. ఎండతో నడిచే చేతి గడియారాన్ని సిటిజన్ 1976లో తెచ్చింది. 1999లో కేసియో ప్రో ట్రెక్ పేరుతో మొదటి జీపీఎస్ వాచీ అమ్మింది. ఈ రెండూ ఒకే డబ్బాలోకి రావడానికి 2012 దాకా పట్టింది. ఆ ఏడాది సీకో కంపెనీ ఆస్ట్రాన్ అనే సోలార్ జీపీఎస్ వాచీ విడుదల చేసింది. మన హైదరాబాద్ ఆల్విన్ ఒకప్పుడు వాచీలు చేసింది ఈ సీకో సాంకేతిక సహకారంతోనే. ఆస్ట్రాన్ ఉపగ్రహాలను అడిగేది చాలా కొంచెం. ఏ దేశంలో ఉన్నాం, టైమెంత అన్నంత వరకే, అదీ అప్పుడప్పుడు. నడక దారిని గీయమంటే అది చేయదు. మనం చేయబోయేది అంతకన్నా ఎక్కువ అడుగుతుంది. అందుకని మొదటి రోజు సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోవద్దు.

ముందు జమాఖర్చు

ఒక తెల్ల కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఒక పక్క జమ, ఇంకో పక్క ఖర్చు, ఇంట్లో నెల బడ్జెట్ రాసినట్టే. కొలత మాత్రం మిల్లీవాట్-అవర్. ఈ కాగితమే ప్రాజెక్టు. మిగతాదంతా ఈ కాగితాన్ని నిజం చేసే పని.

ఖర్చు రాయాలంటే వాచీ ఏం చేయాలో ముందు తేల్చుకోవాలి. గుట్ట ఎక్కే మనిషికి కావలసినవి నాలుగు: బయల్దేరిన చోటు ఎటువైపు ఉంది, ఎంత దూరం, ఇప్పుడు ఎంత ఎత్తులో ఉన్నాను, చీకటి పడటానికి ఎంతసేపు ఉంది. రంగుల మ్యాపు, గుండె చప్పుడు, పాటలు, మెసేజ్‌లు ఇవన్నీ కొట్టేయండి. ఇక్కడ బ్యాచ్‌లో గొడవ అవుతుంది, అవ్వాలి కూడా. ఒక్కొక్కరు తమకు ఇష్టమైన ఫీచర్ పక్కన దాని ఖర్చు తామే రాయాలని నియమం పెట్టుకుంటే గొడవ త్వరగా తీరుతుంది.

ఖర్చులో పెద్ద పద్దు జీపీఎస్ రిసీవర్. కోఠిలో ఎక్కడైనా దొరికే నియో-6ఎం మాడ్యూల్ పనిచేస్తున్నంతసేపూ సుమారు 40 మిల్లీయాంప్‌లు తీసుకుంటుంది. 3.3 వోల్ట్‌ల దగ్గర అది 130 మిల్లీవాట్లు. ఎనిమిది గంటల నడకకు వెయ్యి మిల్లీవాట్-అవర్లు దాటుతుంది. యూ-బ్లాక్స్ కంపెనీదే ఎం10 తరం రిసీవర్ అదే పనిని 25 మిల్లీవాట్లలోపు చేస్తుంది. ఎనిమిది గంటలకు 200. తేడా పెద్దదే, కానీ 200 కూడా మనం మోయలేం. అందుకే రిసీవర్‌ను ఎప్పుడూ మెలకువగా ఉంచకూడదు. నిమిషానికి ఒక్కసారి లేపి, మూడు సెకన్లలో స్థానం తీసుకుని, మళ్లీ పడుకోబెడితే సగటు ఒకటిన్నర మిల్లీవాట్‌కు దిగుతుంది. రోజుకు 12 మిల్లీవాట్-అవర్లు.

మూడు సెకన్లలో స్థానం రావాలంటే ఒక షరతు ఉంది. ప్రతి ఉపగ్రహం తాను ఏ కక్ష్యలో ఎక్కడుందో చెప్పే వివరాలను పంపడానికి 18 సెకన్లు తీసుకుంటుంది, వాటిని 30 సెకన్లకోసారి మళ్లీ మళ్లీ పంపుతుంది. ఆ వివరాలు సుమారు నాలుగు గంటలు పనికొస్తాయి. ఈలోగా కొన్ని ఉపగ్రహాలు అస్తమిస్తాయి, కొత్తవి ఉదయిస్తాయి. కాబట్టి గంటకోసారి రిసీవర్‌ను 40 సెకన్ల పాటు వదిలేసి కొత్తవాటి మాట విననివ్వాలి. దీనికి రోజుకు ఇంకో మూడు. పడుకున్నప్పుడు కూడా రిసీవర్ ఈ వివరాలను, టైమును గుర్తుంచుకోవడానికి పదుల మైక్రోయాంప్‌లు తాగుతుంది. దానికి తోడు స్క్రీన్, మైక్రోకంట్రోలర్, సెన్సర్లు. ఇరవై నాలుగు గంటలకు ఇవన్నీ కలిపి ఆరు వేసుకోండి. మొత్తం ఖర్చు 22 దాటకూడదు. ఇది మన హద్దు.

ఎండ, ఒంటి వేడి, చేతి ఊపు

ఇప్పుడు జమ. నిటారు ఎండలో చదరపు మీటరుకు సుమారు వెయ్యి వాట్లు, అంటే చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీవాట్లు పడతాయి. మోనోక్రిస్టలైన్ సెల్ అందులో ఐదో వంతు కరెంటుగా మారుస్తుంది. స్క్రీన్ చుట్టూ ఐదు చదరపు సెంటీమీటర్ల సెల్ పెట్టగలిగితే కాగితం మీద 100 మిల్లీవాట్లు. చాలామంది ఇక్కడే ఆగి సంబరపడతారు. చెయ్యి మాత్రం ఎప్పుడూ సూర్యుడికి ఎదురుగా ఉండదు. నడుస్తుంటే కిందికి వేలాడుతుంది, ఒంటి నీడ పడుతుంది, చొక్కా చెయ్యి కప్పేస్తుంది. పదో వంతు రాసుకోండి, 10 మిల్లీవాట్లు. మార్పిడిలో పోయేది తీసేస్తే 8. రోజులో నాలుగు గంటల ఎండ తగిలితే 32 మిల్లీవాట్-అవర్లు. ఖర్చు 22, జమ 32. ఆ పది మిగులే ఈ ప్రాజెక్టుకు ఊపిరి. ట్యూబ్‌లైటు వెలుగులో అదే సెల్ వంద మైక్రోవాట్లు ఇస్తే గొప్ప. కాబట్టి ల్యాబ్‌లో కూర్చుని ఈ వాచీని పరీక్షించి లాభం లేదు.

ఒంటి వేడితో కరెంటు అనగానే అందరి కళ్లూ మెరుస్తాయి. సీకో 1998లోనే థర్మిక్ అనే వాచీతో ఆ పని చేసి చూపించింది. చర్మానికి, గాలికి మధ్య ఉష్ణోగ్రతలో తేడా ఉంటే థర్మోఎలక్ట్రిక్ ముక్క దాన్ని కరెంటుగా మారుస్తుంది. ఆ తేడా జపాన్ చలికాలంలో ఎంతుంటుందో, మే నెల హైదరాబాద్‌లో ఎంతుంటుందో ఆలోచించండి. చేతి చర్మం 33 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. గాలి అదే 33కి చేరగానే తేడా సున్నా అవుతుంది. గాలి 40 దాటితే వేడి బయటినుంచి లోపలికి వస్తుంది, ప్లస్సు మైనస్సు అవుతుంది. ఈ పనికి అందరూ వాడే ఎల్‌టీసీ3108 చిప్ 20 మిల్లీవోల్ట్‌ల నుంచే పని మొదలుపెడుతుంది కానీ, ఒకే దిశలో వచ్చే వోల్టేజీనే ఒప్పుకుంటుంది. రెండు దిశలకూ ఎల్‌టీసీ3109 కావాలి. ఇంత చేసినా చదరపు సెంటీమీటరుకు దక్కేది పదుల మైక్రోవాట్లే. చేతి ఊపుతో తిరిగే చిన్న రోటర్ కూడా అంతే. సీకో కైనెటిక్ వాచీలను నడిపేది అలాంటి రోటరే. ముళ్లు తిప్పే క్వార్ట్జ్ వాచీకి కొద్ది మైక్రోవాట్లు చాలు కాబట్టి అక్కడ సరిపోయింది. జీపీఎస్ ఆకలి వేరు.

నా అభిప్రాయంలో మన ఎండలకు ఎండే చాలు, మిగతా రెండూ వద్దు. అయితే ఊరికే కొట్టేయకండి. బ్యాచ్‌లో ఒకరు థర్మోఎలక్ట్రిక్ ముక్కను చేతికి కట్టుకుని డిసెంబర్ ఉదయం ఒకసారి, ఏప్రిల్ మధ్యాహ్నం ఒకసారి కొలవాలి. ఆ రెండు అంకెలను రిపోర్టులో పెట్టి, దీన్ని ఎందుకు వదిలేశామో రాయాలి. గైడ్ సంతకం పెట్టడానికి అంతకు మించిన పేజీ ఉండదు.

నిల్వ

సూపర్ కెపాసిటర్ పెడదామని ఎవరో ఒకరు అంటారు. లెక్క చేసి చూపించండి. ఒక ఫారడ్ కెపాసిటర్ ఐదు వోల్ట్‌ల నుంచి రెండున్నరకు దిగేలోపు ఇచ్చేది తొమ్మిది జౌళ్ల పైచిలుకు, అంటే సుమారు రెండున్నర మిల్లీవాట్-అవర్లు. మనకు రోజుకే 22 కావాలి. అన్ని కెపాసిటర్లు చేతికి కట్టుకోలేం. 40 మిల్లీయాంప్-అవర్ల చిన్న లిథియం పాలిమర్ సెల్ దాదాపు 150 మిల్లీవాట్-అవర్లు దాస్తుంది, దాన్నే వాడండి. రిసీవర్ లేచిన క్షణంలో ఒక్కసారిగా లాగే కరెంటు కోసం పక్కనే వంద మైక్రోఫారడ్లు, ఇంకాస్త ఎక్కువైనా సరే, కెపాసిటర్ పెట్టాలి. లేకపోతే వోల్టేజీ కుంగి మైక్రోకంట్రోలర్ రీసెట్ అవుతుంది. దోషం కోడ్‌లో ఉందనుకుని వారం రోజులు వెతుకుతారు.

మన ఊళ్లో ఇంకో ప్రమాదం ఉంది. ఇలాంటి సెల్‌ను 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదు. ఎండలో నల్లటి వాచీ ముఖం ఆ హద్దును తేలిగ్గా దాటుతుంది. ఎక్కువ కరెంటు వచ్చే సమయమే ఛార్జింగ్ ఆపాల్సిన సమయం కూడా. సెల్‌కు ఆనుకుని ఒక థర్మిస్టర్ పెట్టండి. 45 రాగానే సోలార్ లైన్‌ను ఒక మాస్‌ఫెట్ తెంపేయాలి. ఈ భాగాన్ని వాయిదా వేయొద్దు. మనిషి చేతికి కట్టే వస్తువులో బ్యాటరీ భద్రత గురించి రాజీ ఉండదు.

సోలార్ సెల్‌కు, బ్యాటరీకి మధ్య టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి బీక్యూ25570 చిప్ బాగా కుదురుతుంది. పని మొదలవడానికి దానికి సుమారు 600 మిల్లీవోల్ట్‌లు కావాలి. ఒకసారి లేచాక 100 మిల్లీవోల్ట్‌ల దాకా పడినా పీలుస్తూనే ఉంటుంది. తాను తినేది అర మైక్రోయాంప్ కూడా కాదు. పదహారు సెకన్లకోసారి సోలార్ సెల్‌ను ఖాళీగా వదిలి వోల్టేజీ చూసి, అందులో 80 శాతం దగ్గర లాగితే గరిష్ఠ శక్తి వస్తుందని తనే సర్దుకుంటుంది. ఊగే చేతి మీద వెలుగు క్షణక్షణం మారుతుంది కాబట్టి ఆ పదహారు సెకన్ల విరామం కొంత నష్టం చేస్తుంది. ఎంత నష్టమో కొలిచి జమ పద్దులో తగ్గించుకోవాలి.

ఒకే ముఖం కోసం ఇద్దరు

ఈ వాచీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చిక్కు ఇదే. ఎండా పైనుంచే వస్తుంది, ఉపగ్రహ సంకేతమూ పైనుంచే వస్తుంది. ఇద్దరికీ వాచీ ముఖమే కావాలి.

జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి. అక్కడి నుంచి 1575.42 మెగాహెర్ట్జ్ మీద వచ్చే సంకేతం నేలను చేరేసరికి, ఒక వాట్‌ను కోటి కోట్ల భాగాలు చేసి అందులో ఒక భాగాన్ని మళ్లీ వంద చేసినంత బలహీనంగా ఉంటుంది. సోలార్ సెల్ వెనక లోహపు పూత ఉంటుంది. దాన్ని యాంటెన్నా మీద కప్పితే ఆ కాస్త సంకేతమూ ఆగిపోతుంది. యాంటెన్నాకు ఎక్కువ చోటిస్తే సెల్ చిన్నదై జమ పడిపోతుంది. దీనికి తోడు ఆ ఫ్రీక్వెన్సీని మనిషి చెయ్యి బాగా పీల్చుకుంటుంది. టేబుల్ మీద చక్కగా పనిచేసిన యాంటెన్నా చేతికి కట్టగానే శ్రుతి తప్పుతుంది.

సీకో మొదటి ఆస్ట్రాన్‌లో యాంటెన్నాను డయల్ చుట్టూ ఉంగరంలా తిప్పి ఈ చిక్కు విప్పింది. విద్యార్థుల బ్యాచ్‌కు అంత పనితనం అక్కర్లేదు. వాచీని కొంచెం పొడవుగా చేసి, వేళ్ల వైపు అంచున 18 మిల్లీమీటర్ల సిరామిక్ ప్యాచ్ యాంటెన్నాను విడిగా కూర్చోబెట్టండి. దాని మీద ప్లాస్టిక్ తప్ప ఏమీ ఉండకూడదు. స్క్రీన్ మధ్యలో, సోలార్ ముక్కలు రెండు పక్కలా, మోచేతి వైపు ఇంకొకటి. బీక్యూ చిప్ పక్కనుండే కాయిల్ నుంచి రొద పుడుతుంది కాబట్టి అది బోర్డుకు రెండో చివర ఉండాలి. యాంటెన్నా కింద బోర్డుకు రాగి నేల నిండుగా ఉండాలి. వాచీ అందంగా ఉండదు, ఫర్వాలేదు. ముందు అట్టముక్కతో నమూనా కోసి నలుగురూ ఒక్కో రోజు చేతికి కట్టుకుని తిరగండి. ఎవరి చొక్కా చెయ్యి ఎక్కడిదాకా వస్తోందో, ఏ సెల్ నీడలో పడుతోందో తెలుస్తుంది.

ఏ ఉపగ్రహాలను వినాలన్నది ఇంకో నిర్ణయం. మన సొంత నావిక్ వాడాలని ఉత్సాహం ఉంటుంది, ఉండాలి కూడా. 2013 జులై 1న శ్రీహరికోట నుంచి మొదలైన ఆ వ్యవస్థలోని తొలి ఉపగ్రహాలు ఎల్5, ఎస్ బ్యాండ్లలో మాట్లాడతాయి. మన చిన్న యాంటెన్నా వినేది ఎల్1 మాత్రమే. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01 నుంచి నావిక్ ఎల్1లోనూ పలకడం మొదలుపెట్టింది కానీ అలాంటివి ఇంకా చాలవు. ఇప్పటికి జీపీఎస్, గెలీలియో రెండింటినీ విని, నావిక్ కోసం కోడ్‌లో చోటు ఉంచుకోవడం మేలు.

సామాన్లు, బోర్డు

విక్టోరియా మెమోరియల్‌లోనో చైతన్యపురిలోనో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠి గుజరాతీ గల్లీ దగ్గరే. రెసిస్టర్లు, వైర్లు, బ్రెడ్‌బోర్డులు, సోల్డర్, నియో-6ఎం మాడ్యూళ్లు అన్నీ దొరుకుతాయి. ఎం10 రిసీవర్, బీక్యూ చిప్, షార్ప్ వారి మెమరీ ఎల్‌సీడీ మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ఈ స్క్రీన్ ప్రత్యేకత ఏమిటంటే ప్రతి చుక్కా తన స్థితిని తానే గుర్తుంచుకుంటుంది. బొమ్మ మారనంతసేపూ మైక్రోవాట్ల ఖర్చే. పైగా ఎండ ఎంత ఎక్కువైతే అంత స్పష్టంగా కనబడుతుంది. ప్రతిదీ కనీసం రెండు కొనండి. మొదటిది కాలిపోతుంది.

మొదటి నమూనాకు నియో-6ఎం, ఈఎస్‌పీ32 బోర్డు పెట్టి చేయండి. కోడ్ అలవాటు కావడానికి అవి మంచివి. వాటితో కరెంటు కొలవకండి. ఆ బోర్డుల మీద ఎర్రగా వెలిగే చిన్న ఎల్‌ఈడీ ఒక్క మిల్లీయాంప్ తీసుకున్నా రోజుకు 79 మిల్లీవాట్-అవర్లు. మన మొత్తం ఖర్చుకు మూడున్నర రెట్లు, ఒక దీపానికే! వాటి మీద తరచూ కనబడే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఏ పనీ లేకుండానే ఐదు మిల్లీయాంప్‌లు తింటుంది. అసలు వాచీకి సొంత పీసీబీ గీసుకుని, నార్డిక్ ఎన్‌ఆర్‌ఎఫ్52832 లాంటి చిప్ పెట్టాలి. నిద్రలో టైము లెక్కపెడుతూ అది తీసుకునేది రెండు మైక్రోయాంప్‌లు.

కొలిచేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. మామూలు మల్టీమీటరును మైక్రోయాంప్ రేంజిలో పెట్టి సర్క్యూట్‌కు వరసలో కలిపితే, చిప్ లేచిన క్షణంలో మీటరులోనే వోల్టేజీ పడిపోయి వాచీ ఆగిపోతుంది. పది ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి దాని మీద ఆసిలోస్కోప్‌తో చూడండి, లేదా కాలేజీలో పవర్ ప్రొఫైలర్ ఉంటే అడిగి తీసుకోండి. కొలిచిన ప్రతి అంకెనూ జమాఖర్చు కాగితం మీద, ముందు ఊహించిన అంకె పక్కన ఎర్ర సిరాతో రాయండి.

డబ్బా కోసం 3డీ ప్రింటర్ కావాలి. కాలేజీలో లేకపోతే, 2023 మార్చిలో రాయదుర్గంలో మొదలైన టీ-వర్క్స్ ఇలాంటి పనుల కోసమే ఉంది. అమీర్‌పేటలో రైలు మారితే మెట్రోలోనే వెళ్లొచ్చు. పీఎల్‌ఏ ప్లాస్టిక్ వాడొద్దు, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. పీఈటీజీ గానీ ఏఎస్‌ఏ గానీ తీసుకోండి. వెనక మూతకు రబ్బరు రింగు. గాలి పీడనం కొలిచే సెన్సర్‌కు ఒక రంధ్రం తప్పదు. దాని మీద గాలిని వదిలి నీటిని ఆపే సన్నని పొర అంటించాలి. లోపల బోర్డుకు బదులు టిష్యూ కాగితం పెట్టి, బకెట్ నీళ్లలో అరగంట ముంచి తీయండి. కాగితం పొడిగా ఉంటేనే బోర్డు లోపలికి వెళ్లాలి.

కోడ్

నిమిషానికోసారి అన్న నియమం గుడ్డిగా అమలైతే వృథా. మనిషి చెట్టుకింద కూర్చుని పులిహోర తింటుంటే స్థానం తీసుకుని ఏం లాభం? కొద్ది మైక్రోయాంప్‌లతో నడిచే యాక్సెలరోమీటర్ కదలికను చూస్తూ ఉండాలి. కదలిక లేకపోతే జీపీఎస్ లేవకూడదు. తిరుగుదారిలో మనిషి పాత అడుగుల నుంచి పక్కకు జరిగితే మాత్రం పది సెకన్లకోసారి లేవాలి. కరెంటు ఖర్చుపెట్టాల్సిన సమయం అదే. బయల్దేరే ముందు ఫోన్ నుంచి బ్లూటూత్ ద్వారా ఉపగ్రహాల వివరాలు ఎక్కించుకుంటే మొదటి అరనిమిషం ఎదురుచూపు కూడా తప్పుతుంది.

దూరం లెక్కలో ఒక గోతి ఉంది. రేఖాంశాన్ని 78.5 డిగ్రీలని 32 బిట్ల ఫ్లోట్‌లో దాస్తే, అది గుర్తించగల కనీస తేడా నేల మీద దాదాపు 80 సెంటీమీటర్లు. అలాంటి అంకెలతో పుస్తకంలోని గోళ త్రికోణమితి సూత్రం వాడితే దగ్గరి దూరాలు గజిబిజిగా వస్తాయి. రిసీవర్ డిగ్రీలో కోటో వంతు ప్రమాణంగా పూర్ణాంకాలు ఇవ్వగలదు. వాటినే వాడండి. హైదరాబాద్ అక్షాంశంలో ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 110.7 కిలోమీటర్లు, ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106. కొద్ది కిలోమీటర్ల నడకకు ఈ రెండు అంకెలు, ఒక పైథాగరస్ చాలు. నిమిషానికో స్థానం చొప్పున ఎనిమిది గంటలకు 480 స్థానాలు, ఒక్కోటి ఎనిమిది బైట్లు, మొత్తం నాలుగు కిలోబైట్లలోపే.

ఎత్తు చెప్పే అబద్ధాలు

తొలిసారి వాచీ ఆన్ చేసి ఎత్తు చూస్తే కొత్తపేటలో ఉన్నదానికన్నా 75 మీటర్లు తక్కువ చూపించవచ్చు. రిసీవర్ పాడవలేదు. జీపీఎస్ ఎత్తును భూమికి గీసిన నున్నటి గణిత ఆకారం నుంచి కొలుస్తుంది. మనం సముద్రమట్టం నుంచి కొలుస్తాం. భారతదేశానికి దక్షిణాన హిందూ మహాసముద్రంలో గురుత్వాకర్షణ బలహీనంగా ఉండి, అక్కడ సముద్రమట్టమే ఆ ఆకారం కన్నా వంద మీటర్లకు పైగా కిందికి కుంగి ఉంది. ఆ పల్లం అంచు మనదాకా వస్తుంది. ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్‌ఐ ఆవరణలో 'హైడ్' అనే అంతర్జాతీయ ఉపగ్రహ నావిగేషన్ కేంద్రం ఉంది. గణిత ఆకారం నుంచి దాని ఎత్తు సుమారు 440 మీటర్లు. సముద్రమట్టం నుంచి ఆ నేల ఎత్తు 500 దాటుతుంది. రిసీవర్ పంపే జీజీఏ వాక్యంలో ఈ తేడా విడిగా వస్తుంది. రెండు ఎత్తుల్లో ఏది చూపిస్తున్నారో తెలుసుకుని చూపించండి.

జీపీఎస్ ఎత్తు ఎలాగూ కొంత ఊగుతుంది కాబట్టి బీఎంపీ390 లాంటి పీడన సెన్సర్ కూడా పెడతాం. అది పావు మీటరు తేడాను కూడా పట్టగలదు. దానికీ ఒక అబద్ధం ఉంది, అది మన ఉష్ణమండలంలోనే ఎక్కువ. ఇక్కడ గాలి పీడనం రోజుకు రెండుసార్లు అలలా లేచి పడుతుంది. ఉదయం పదింటికి ఎక్కువ, సాయంత్రం నాలుగింటికి తక్కువ. మధ్యలో మూడు నాలుగు హెక్టోపాస్కళ్లు తగ్గుతుంది. ఒక హెక్టోపాస్కల్‌కు ఎనిమిది మీటర్ల పైచిలుకు. అంటే డాబా మీద కదలకుండా పడున్న వాచీ సాయంత్రానికి ముప్పై మీటర్లు ఎక్కానని చెబుతుంది. చల్లని దేశాల కోసం రాసిన ఉదాహరణ కోడ్‌లలో దీనికి మందు ఉండదు. అడ్డులేని ఆకాశం దొరికినప్పుడల్లా చాలా జీపీఎస్ ఎత్తుల సగటు తీసి, పీడన ఎత్తును నెమ్మదిగా దానివైపు లాగండి.

మూడు చోట్ల పరీక్ష

మొదట డాబా. ఒక రోజంతా వాచీని కదపకుండా ఉంచి అది చెప్పిన స్థానాలన్నీ గ్రాఫ్ మీద చుక్కలుగా పెట్టండి. ఐదారు మీటర్ల ముద్ద వస్తే బాగున్నట్టు. మార్చిలోనో సెప్టెంబర్‌లోనో చేస్తే సూర్యాస్తమయం తర్వాత చుక్కలు చెదరడం కనబడొచ్చు. మన అక్షాంశాల్లో అప్పుడు అయనోస్ఫియర్‌లో అలజడి లేస్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ పరిశోధన, శిక్షణ విభాగం పనిచేసే రంగం ఇదే. మీ గ్రాఫులు పట్టుకెళ్లి అక్కడ చూపించండి.

రెండోది రోడ్డు. చైతన్యపురి నుంచి విక్టోరియా మెమోరియల్ దాకా మెట్రో వంతెన కింద నడవండి. పైన కాంక్రీటు, రెండు పక్కలా నాలుగైదు అంతస్తుల గోడలు. సంకేతం గోడలకు కొట్టుకుని ఆలస్యంగా వచ్చి వాచీని మోసం చేస్తుంది. మీరు రోడ్డు మధ్యలో ఉంటే అది మిమ్మల్ని పక్క సందులోకి నెడుతుంది. లోయల్లో, బండల మధ్య జరిగేది కూడా ఇదే. నమ్మదగని స్థానాన్ని పారేయడం వాచీకి ఇక్కడే నేర్పాలి. ఒక్క నిమిషంలో మనిషి మూడు వందల మీటర్లు నడిచాడని చెబితే ఆ స్థానం అబద్ధం.

మూడోది భువనగిరి. నాగోలు, ఉప్పల్, ఘట్‌కేసర్ మీదుగా వెళితే నలభై, యాభై కిలోమీటర్లలోపే. ఊరి మీద లేచిన ఒకే బండ. చాళుక్యుల కోట పైన ఉంది. పదమూడేళ్ల వయసులో 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ బండలెక్కడం నేర్చుకుంది ఇక్కడే. మన పనికి ఈ గుట్ట ఎందుకు బాగుంటుందంటే చెట్లు తక్కువ, ఎండ నిండుగా ఉంటుంది, ఎక్కేటప్పుడు ఒక పక్క ఆకాశాన్ని బండే కప్పేస్తుంది. పొద్దున్నే మొదలుపెట్టి, ఇద్దరు ఎడమ చేతికి, ఇద్దరు కుడి చేతికి వాచీలు కట్టుకోండి. బ్యాటరీ వోల్టేజీ, సోలార్ సెల్ నుంచి వచ్చిన కరెంటు, బ్యాటరీ ఉష్ణోగ్రత, ఒక్కో స్థానానికి పట్టిన సెకన్లు అన్నీ నిమిషానికోసారి మెమరీలో పడాలి. దిగాక తిరుగుదారి బాణం మిమ్మల్ని మెట్ల దగ్గరికి తెచ్చిందా లేదా అన్నది ఒక పరీక్ష. ఎర్ర సిరా అంకెలు 22లోపు ఉన్నాయా అన్నది రెండో పరీక్ష. ఫోన్, నీళ్లు, ఈల వెంట ఉండాలి. ఈ వాచీని నమ్ముకుని అమ్రాబాద్ అడవుల వైపు వెళ్లొద్దు. టైగర్ రిజర్వులో అనుమతి లేకుండా నడవడం నేరం కూడా.

వేసవి సెలవులలోపే ప్రాజెక్టు అప్పజెప్పేయాలి కాబట్టి, పరీక్షలన్నీ ఎండ దండిగా ఉన్న నెలల్లోనే అయిపోతాయి. అసలైన నెల జులై. దట్టమైన మబ్బు కింద జమ పదో వంతుకు పడి, 32 కాస్తా మూడవుతుంది. నిమిషానికోసారి స్థానం తీసుకుంటే రోజుకు 19 లోటు. నిండు బ్యాటరీ ఉన్నా ఎనిమిది రోజుల్లోపే అయిపోతుంది. ఐదు నిమిషాలకోసారికి మారితే ఖర్చు 11కి దిగుతుంది, లోటు ఎనిమిది, బ్యాటరీ రెండు వారాలకు పైగా లాగుతుంది. మూడు రోజులు వరసగా జమ తగ్గితే వాచీ తనంతట తానే ఐదు నిమిషాలకు మారేలా కోడ్ రాసి పెట్టండి. బోర్డును, కొలతల ఫైళ్లను, ఎర్ర సిరా కాగితాన్ని జూనియర్ బ్యాచ్‌కు ఇచ్చి, జులై లాగ్ వాళ్ల చేత తీయించండి.